కట్ట మీద మొదట దిగినవాడు

కార్తీకమాసంలో వాన పట్టిందంటే వేమలకుదురు నల్లరేగడి మనిషిని నడవనివ్వదు, బండిని కదలనివ్వదు. ఇక సైకిలు సంగతి చెప్పనే అక్కర్లేదు. డొంకలో నాలుగు బారలు తొక్కేసరికి బురద మడ్‌గార్డులో బిగుసుకుపోయి చక్రం తిరగనని మొండికేస్తుంది. దిగి పుల్లతో గోకి, మళ్లీ ఎక్కి, మళ్లీ దిగి, చివరికి మనిషే సైకిల్ని భుజాన వేసుకుని నడవాల్సి వస్తుంది. అందుకని ఊరవతలి పల్లె జనం రైలుకట్ట పట్టారు.

రైలుకట్ట అన్న పేరే గాని దాని మీద రైలూ లేదు, పట్టాలూ లేవు. పూర్వం కొండ దగ్గర క్వారీ నుంచి పేట స్టేషనుకు రాళ్లు మోసిన లైను అది. క్వారీ మూతపడ్డాక పట్టాలు ఊడదీసుకుపోయారు. వాటి కింది చెక్కలు ఎవరికి అందినవి వాళ్లు మోసుకుపోయారు. మిగిలిన కంకరలో ముళ్లతుమ్మ మొలిచి కట్టంతా అడివైపోయింది. అది చూసి ఏసోబు, "ఇది ఊరు కాదు, ఎవరి పొలమూ కాదు, రైలోళ్ల స్థలం. మనం బాగుచేసుకుంటే అడిగేవాడెవడు?" అన్నాడు. రెండు వేసవులు, ఆదివారం ప్రార్థన కాగానే, పల్లె మొత్తం పారలూ తట్టలూ పట్టుకుని కట్ట ఎక్కింది. తుమ్మ నరికారు. పెద్ద రాళ్లు ఏరి రెండంచులా పేర్చారు. వాగు పక్క గుంటలోంచి ఎర్రగరుసు తట్టలకెత్తి, నడుమ రెండు మూరల వెడల్పున పరిచి, నీళ్లు చల్లి దిమ్మిసలతో కొట్టారు. ఎంత వాన కురిసినా నీరు అటూ ఇటూ జారిపోయి, తెల్లారేసరికి బాట మళ్లీ గట్టిపడేది.

పైకి బురద ఒక్కటే కారణమని చెప్పేవాళ్లు గాని అసలు కారణం పల్లెలో పసివాళ్లకు కూడా తెలుసు. పేటకు ఊళ్లోంచి పోవాలంటే చావిడి దగ్గర సైకిలు దిగాలి. అక్కడి నుంచి పాలకేంద్రం దాకా, పెద్దవాళ్ల అరుగుల ముందు తల వంచి సైకిలు నడిపించుకుంటూ పోయి, ఆ తర్వాతే ఎక్కాలి. దిగమని ఎవరూ బోర్డు పెట్టలేదు. పల్లెకు మొదటి సైకిలు వచ్చిన నాటి నుంచీ దిగుతున్నారు, అంతే. కట్ట మీద ఆ బాధ లేదు. పల్లె వెనక ఎక్కినవాడు పేట జిన్నింగు మిల్లు గేటు దాకా కాలు కింద పెట్టే పని లేదు.

ఆ సోమవారం తెల్లవారుజామున వాన వెలిసింది. మిల్లుకు పోయేవాళ్లంతా వరసగా కట్ట ఎక్కారు. ముందు సైకిలు ఏసోబుది. ఎప్పుడూ అతనిదే ముందు. కట్ట వేసినవాడన్న మర్యాద అది, ఎవరూ నోటితో అనకపోయినా. అతని వెనకే క్రీస్తుదాసు, వరసకు అన్న కొడుకు. ముప్ఫై నిండలేదు గాని, మిల్లు మేస్త్రీ నుంచి పాస్టరుగారి దాకా ఎవరినైనా ఎదురు ప్రశ్న వేయందే ఊరుకోడు.

వాన వెలిశాక గరుసు మీద తొక్కడం ఏసోబుకు ఇష్టం. టైరు కింద సన్నగా కరకరమంటుంది గాని జారదు, అంటుకోదు. రెండు పక్కలా మిరపతోటలు పూతమీదున్నాయి. పత్తికాయ పగిలి అక్కడక్కడ తెల్లగా తొంగిచూస్తోంది. ఇంకో వారంలో మొదటి తీత. చేలో వంగి ఉన్నప్పుడు కనిపించని అందం కట్ట మీద నుంచి కనిపిస్తుందని ఒకసారి పెళ్లాంతో అంటే, "అయితే నువ్వు పైనుంచి చూస్తూ ఉండు, నేను కింద వంగి ఏరుతుంటాను" అంది వీరమ్మ. ఆ మాట గుర్తొచ్చి తనలో తనే నవ్వుకుంటూ వాగు మలుపు తిరిగాడు.

ఎదురుగా తెల్లపంచె కనిపించింది.

గురునాథం. ఊరి పత్తిలో సగం ఆయన చేలోదే. ప్రెసిడెంటుగిరీ పోయి రెండు ఎన్నికలు దాటినా ఇప్పటికీ అందరికీ ప్రెసిడెంటుగారే. మెడకు మఫ్లరు, చేతిలో పొన్నుకర్ర, కాళ్లకు కొత్త బూట్లు. షుగరుకు గుంటూరు డాక్టరు పొద్దున్నే నడవమన్నాడు. డొంకలో కాలు పెట్టే వీల్లేక కట్ట ఎక్కాడు.

ఆయన ఏమీ అనలేదు. కర్ర ఊపలేదు, కళ్లెర్రజేయలేదు. తన మానాన తను నడుస్తున్నాడు. 'ఈయనిక్కడ ఏంటి' అని ఏసోబు ఇంకా అనుకుంటూ ఉండగానే చేతులు బ్రేకు నొక్కేశాయి, కుడికాలు సీటు మీదుగా ఇవతలికి వచ్చేసింది, భుజం మీద తువ్వాలు చంకలోకి పోయింది. ఈ మూడూ అతన్ని అడక్కుండానే జరిగిపోయాయి. వెనక గరుసు మీద ఒక్కొక్క జత చెప్పులు ఆనిన చప్పుడు వినిపించింది.

"ఏరా ఏసోబూ, డ్యూటీకా?"

"అవునండి."

"బాట బాగా వేశార్రా. కాలికి హాయిగా ఉంది. ఇన్నాళ్లూ నాకొక్కరూ చెప్పలేదే!" అంటూ గురునాథం నవ్వాడు. అందరూ సైకిళ్లు అంచు రాళ్ల మీదికి ఒరగేసి దారి ఇచ్చారు. ఆయన ప్రతివాణ్నీ పేరుపెట్టి పలకరించుకుంటూ వెళ్లిపోయాడు.

ఆయన మలుపు తిరిగాక క్రీస్తుదాసు అడిగాడు. "ఎందుకు దిగావు బాబాయ్?"

"పెద్దాయన కదరా. షుగరు మనిషి. తగిలితే..."

"తగలకుండా పక్కనుంచి పోవడం మనకు రాదా?"

"మరి నువ్వెందుకు దిగావు?"

"నువ్వు దిగావని."

మిల్లులో ఆ రోజంతా ఏసోబు చేతులు పని చేస్తూనే ఉన్నాయి. గోదాము నుంచి పత్తి తట్టలు తట్టలుగా తెచ్చి జిన్ను ముందు పోయడం, పుల్లా ఆకూ ఏరి పారేసి రోలరుకు అందించడం, కింద పడిన గింజలు పారతో లాగడం. ముక్కులోకీ కనుబొమల్లోకీ దూది ఎగిరి పడుతుంటే, తుడుచుకోవాలని కూడా తోచలేదు. దిగింది కాలేగాని తను కాదని ఒకసారి సర్దిచెప్పుకున్నాడు. ముసలాయనకు దారి ఇవ్వడంలో తప్పేముందని ఇంకోసారి అనుకున్నాడు. ఎన్ని విధాల సర్దుకున్నా ఒక సంగతి మాత్రం గొంతులో పడిన నలుసులా పోలేదు. కట్ట వేసిన ఇన్నేళ్లలో దాని మీద మొదట దిగినవాడు తనే. రేపు దిగకూడదని గట్టిగా అనుకున్నాడు.

మంగళవారం తెల్లపంచె దూరం నుంచే కనిపించింది. ఆలోచించుకోవడానికి బోలెడంత టైముంది, అదే కొంప ముంచింది. నిన్న దిగకుండా పోయుంటే అది మామూలుగా పోవడం. నిన్న దిగినవాడు ఇవాళ దిగకపోతే కావాలని చేసినట్టే. ఆయన మనసులో పెట్టుకుంటాడు. పత్తి తీత దగ్గర పడుతోంది. ఈ ఒక్కరోజు దిగుదాం, రేపటి నుంచి ఇంకాస్త పెందలాడే బయల్దేరితే ఎదురుపడే పనే ఉండదు. ఇలా లెక్కలు వేసుకుని, ఈసారి బుద్ధి తెలిసే దిగాడు. వెనకవాళ్లు అతనికంటే ముందే దిగేశారు.

గురునాథం వెంట ఆ రోజు ఆయన బావమరిది బాపయ్య కూడా ఉన్నాడు. దిగి నిలబడిన వరసను అతను పైనుంచి కిందికి చూసి, వాళ్లకు వినపడేట్టే అన్నాడు. "ఆ మధ్య పక్క తాలూకాలో గొడవలైనప్పటి నుంచీ ఎక్కడ చూసినా జనం మారిపోయారంటున్నారు బావా. మనవాళ్లు మాత్రం మనవాళ్లే."

"మనవాళ్లకేం, బంగారాలు" అన్నాడు గురునాథం. "ఏసోబూ, ఇంకాస్త వెడల్పు చేశారనుకో, స్కూటరు కూడా పోతుంది. వేసవిలో చూడండి."

"అట్టాగేనండి" అన్నాడు ఏసోబు. ఆ మాట నోట్లోంచి వచ్చాక తనమీద తనకే అసహ్యం వేసింది.

బుధవారం పెందలాడే బయల్దేరారు. ఆ పెద్దమనిషి కూడా పెందలాడే వచ్చాడు. మళ్లీ దిగారు. ఎందుకని క్రీస్తుదాసు ఈసారి అడగలేదు.

ఆ సాయంత్రం మిల్లు నుంచి తిరిగొచ్చేసరికి కట్ట చివర తలారి బుల్లయ్య గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. "ఏసోబూ, ప్రెసిడెంటుగారు చావిడి కాడ ఉన్నారు. నిన్ను ఒకసారి కనపడి పొమ్మన్నారు."

చావిడి అరుగు మీద గురునాథం ఉడికించిన శనగలు తింటున్నాడు. పక్కనే బాపయ్య కాలు చాపుకుని మడమకు ఆముదం రాసుకుంటున్నాడు.

"రారా, కూర్చో."

ఏసోబు కూర్చోలేదు. ఆ మాట కూర్చోవడానికి అన్నది కాదని అతనికీ తెలుసు, అన్నాయనకూ తెలుసు.

"మీ అమ్మాయి దేవకుమారి పేటలో మిషను ఆసుపత్రిలో నర్సుగా చేస్తోందటగా. సంతోషం. మన ఊరి పిల్ల."

"తమ దయండి."

"ఇవాళ మేం నడక ముగించుకుని వస్తుంటే కట్ట మీద ఎదురొచ్చింది. గంట కొట్టింది. మాటల్లో ఉండి మేం వినిపించుకోలేదు. మళ్లీ కొట్టింది. సరేలే, డ్యూటీకి ఆలస్యమైందేమోనని మేమే పక్కకు తప్పుకున్నాం. బాపయ్య కాలే రాళ్లలో పడి కాస్త బెణికింది."

"నా బాధ కాలు గురించి కాదు" అంటూ బాపయ్య లేవబోయాడు.

"నువ్వుండు" అని గురునాథం చేత్తో ఆపాడు. "ఏసోబూ, నిన్ను నేనెప్పుడైనా దిగమన్నానా?"

"లేదండి."

"కర్ర చూపించానా? ఎవరితోనైనా కబురంపానా?"

"లేదండి."

"నీ అంతట నువ్వు దిగావు. నాకెంత ముచ్చటేసిందో తెలుసా? ఇంటికెళ్లి మా ఆవిడతో కూడా చెప్పాను. మిల్లుల్లో పనిచేసే వయసు కుర్రాళ్లు, ఏసోబు దిగాడని అంతా దిగారు, పెద్దరికమంటే అదీ అన్నాను. మరి నువ్వు దిగిన చోట నీ కూతురు గంట కొట్టుకుంటూ పోతే, చూసేవాళ్లేమనుకుంటారు? అవమానం నాకు కాదురా, నీకు."

మాటలో ఎక్కడా ముల్లు లేదు. ఉంటే పీకి అరచేతిలో పెట్టి చూపించేవాడు ఏసోబు. ఆయన అన్న ప్రతి ముక్కా నిజమే. దిగమని ఎవరూ అనలేదు. చావిడి దగ్గర దిగడం తాతల నాటి ఖర్మ అని ఇన్నాళ్లూ తిట్టుకున్నాడు. ఈ ఖర్మ మాత్రం తన చేత్తో, కాదు, తన కాలితో తెచ్చిపెట్టుకున్నదే.

వెళ్లబోతుంటే గురునాథం శనగ తొక్క ఊసి, ఏదో ఇప్పుడే గుర్తొచ్చినట్టు అన్నాడు. "సోమవారం నుంచి తీత మొదలుపెడదామనుకుంటున్నాం. మీ వీరమ్మ ముఠాను పిలుద్దామా, అద్దంకి వైపు నుంచి కూలీలను రప్పిద్దామా అని బాపయ్య అడుగుతున్నాడు. నేనింకా ఏమీ చెప్పలేదు."

"చెబుతానండి" అన్నాడు ఏసోబు. ఎవరికి ఏం చెబుతాడో ఇద్దరిలో ఎవరూ విడమరిచి అననక్కర్లేదు.

ఇంటికొచ్చేసరికి దేవకుమారి వసారాలో కూర్చుని తన లేడీస్ సైకిలు చైనుకు నూనె వేస్తోంది. తండ్రిని చూడగానే మొదలుపెట్టింది. "నాన్నా, ఇవాళ కట్ట మీద ప్రెసిడెంటుగారు కనపడ్డారు. ఇద్దరూ దారంతా పరుచుకుని నడుస్తున్నారు. రెండుసార్లు గంట కొట్టాను. ఊరికే పోలేదులే, ఒక చెయ్యి వదిలి నమస్కారం కూడా పెట్టాను. వెనక్కి తిరిగి చూస్తే ఇద్దరూ రాళ్ల మీద కొంగల్లా నిలబడి ఉన్నారు!"

ఆ పిల్ల అలా పకపకా నవ్వుతుంటే ఏసోబుకు కూడా నవ్వొచ్చింది. నవ్వాక కళ్లలో నీళ్లు తిరిగాయి. తన ఇంట్లో ఒక మనిషి ఆ తెల్లపంచెను చూసి భయపడకుండా, భయపడాలన్న ఆలోచన కూడా రాకుండా నమస్కారం పెట్టి పోయింది. దీనికోసం కాదూ రెండు వేసవులు నడుం పడిపోయేట్టు గరుసు మోసింది! ఇప్పుడు ఈ పిల్లను పిలిచి, నువ్వు దిగాలమ్మా అని ఏ నోటితో చెప్పడం?

చెప్పలేదు. పొయ్యి దగ్గరికి వెళ్లి వీరమ్మతో మాత్రం చావిడి సంగతంతా చెప్పాడు. వీరమ్మ వింటూ పొయ్యిలో పత్తికట్టె ఎగదోసింది.

"ముఠాలో అందరూ నా మొహం చూసి వస్తున్నారు. తీత పోతే వాళ్లకేం చెప్పమంటావు?"

"నేను చూసుకుంటాను. మొదట దిగింది నేను. రేపు నేను దిగకుండా పోతాను. నేను పోతే వెనకవాళ్లూ పోతారు. ఇంతమందీ పోయాక ఒక్క పిల్లను పట్టుకుని ఆయనేం అంటాడు? అనేదేదో నన్నంటాడు, పడతాను."

వీరమ్మ కూర కలిపి, ఉప్పు చూసి, గిన్నె దించింది.

గురువారం దేవకుమారికి పొద్దుటి డ్యూటీ. మిల్లువాళ్లతో పాటే కట్ట ఎక్కింది. ఆసుపత్రి తెల్లచీర, మీద తండ్రి పాత కోటు. వరస చివర దాని సైకిలు. మంచు విడిచీ విడవకుండా ఉంది. ఏసోబు ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. చెప్పి చేయించేది కాదనుకున్నాడు. తను దిగినప్పుడు ఎవరికీ చెప్పకుండానే అందరూ దిగారు. దిగకపోవడానికి మాత్రం చెప్పడమెందుకు?

వాగు మలుపులో ఇద్దరూ ఎదురయ్యారు. గురునాథం ముందు, కుంటుతూ బాపయ్య వెనక. ఏసోబు కుడికాలు లేవబోయింది. పాదాన్ని పెడలుకేసి అదిమిపట్టి తొక్కాడు. బ్రేకు మీది వేళ్లు తీసి హ్యాండిల్ కిందికి మడిచాడు. తువ్వాలు భుజం మీదే ఉంది. దగ్గరికి రాగానే పక్కకు ఒరిగి, "నమస్కారమండి" అన్నాడు. గొంతు కాస్త పెద్దగానే వచ్చింది. అంటూనే ఆయన్ని దాటేశాడు.

దాటేశాడు! కింద గరుసు కరకరమంటోంది, పక్కన పత్తిచేలు వెనక్కి పోతున్నాయి, ఏమీ కాలేదు. ఇంత చిన్న పనికా మూడు రోజులు కుమిలింది? చిన్నపిల్లాడిలా ఒకసారి గంట కొట్టాలనిపించి, కొట్టాడు కూడా. అప్పుడు తెలిసింది, కరకరలాడుతున్నది తన సైకిలు ఒక్కటేనని.

కాలు ఆనించి వెనక్కి తిరిగాడు. అందరూ దిగి ఉన్నారు. అంచు రాళ్ల మీదికి సైకిళ్లు ఒరగేసి, తువ్వాళ్లు చంకల్లో పెట్టి నిలబడి ఉన్నారు. క్రీస్తుదాసు కూడా దిగాడు. వరస చివర తెల్లచీర కూడా కిందే ఉంది.

"ఏసోబుకు బ్రేకులు పడ్డట్టు లేవురోయ్!" అని గురునాథం కులాసాగా అన్నాడు. బాపయ్య పెద్దగా నవ్వాడు. నిలబడ్డవాళ్లు కూడా నవ్వారు, క్రీస్తుదాసు కాస్త ఆలస్యంగా. ఏసోబు చేసినదానికి అంతకుమించి విలువ లేదన్నట్టు ఆయన అతనివైపు మళ్లీ చూడను కూడా చూడలేదు. దేవకుమారి దగ్గర ఆగి, "మంచిదమ్మా. డ్యూటీ బాగుందా? మీ అమ్మను సోమవారం ముఠాను తీసుకుని రమ్మను" అని చెప్పి ముందుకు నడిచాడు.

మిల్లువాళ్లు సైకిళ్లెక్కి వచ్చారు. ఏసోబును దాటేటప్పుడు ఎవరూ తలెత్తలేదు. క్రీస్తుదాసు ఒక్కడే ఆగాడు. "నువ్వు దిగుతావనే అనుకున్నాం బాబాయ్. మొదట దిగింది నువ్వే కదా" అన్నాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు, సిగ్గు మాత్రం ఉంది. అతనూ వెళ్లిపోయాడు.

దేవకుమారి ఎక్కలేదు. సైకిలు నెట్టుకుంటూ తండ్రి దగ్గరికి వచ్చింది.

"ఎందుకు దిగావమ్మా? నేను చెప్పలేదుగా నీకు."

"అమ్మ చెప్పింది. చావిడి ముందు నువ్వు నిలబడ్డావంటగా." ఆ పిల్ల తండ్రి ముఖంలోకి చూడలేదు. "నావల్ల ఇంకోసారి నువ్వక్కడ నిలబడొద్దు నాన్నా."

నీకోసమే నేను దిగలేదే తల్లీ అని చెప్పబోయాడు. చెప్పి ఏం లాభం? దిగింది దిగింది. "సరే, ఎక్కు. డ్యూటీకి టైమవుతోంది" అన్నాడు.

దేవకుమారి ముందుకు చూసింది. దూరంగా, మంచులో, ఊరివాళ్లు ఇద్దరు చెంబులు పట్టుకుని కట్ట వెంట నడిచి వస్తున్నారు.

"వాళ్లను పోనీ. తర్వాత ఎక్కుతాను."

సైకిలు నెట్టుకుంటూ నడిచింది. నాలుగు అడుగులకోసారి పెడలు మోకాలి కింద ఎముకకు కొట్టుకుంటోంది. ఆ పిల్ల సైకిలు నేర్చుకున్నది ఈ కట్ట మీదే. తొక్కడమే నేర్చుకుంది గాని, నెట్టుకుంటూ నడిచే అవసరం దానికి ఒక్కనాడూ రాలేదు. మళ్లీ తగిలింది. చీర మీద నల్లగా నూనె మరక పడింది. పెదవి బిగబట్టి అలాగే నడుస్తోంది.

చూసి చూసి ఏసోబు సైకిలు దిగాడు.

"అట్టా కాదమ్మా. రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టకు. ఒక చెయ్యి సీటు మీద వెయ్యి. సైకిల్ని కాస్త నీ వైపు వంచుకో. ఆ, అట్టా. ఇప్పుడు నడువు, తగలదు."